ఏ పనికి ఏ పదార్థం: గోదావరి డెల్టాలో డిజైన్ చేసేవారికి అడుగడుగు మార్గదర్శి

"గట్టి ఇనుము వేయండి" అనే మాట భీమవరం, నరసాపురం, అమలాపురం వెల్డింగ్ షాపుల్లో రోజూ వినిపిస్తుంది. చిన్న మాటే గానీ అందులో నాలుగు వేర్వేరు కోరికలు దాగి ఉంటాయి. వంగకూడదని ఒకరి ఉద్దేశం, విరగకూడదని మరొకరిది. అరగకూడదని ఒకరు, తుప్పు పట్టకూడదని ఇంకొకరు. ఈ నాలుగూ నాలుగు వేర్వేరు గుణాలు. ఒకదానిలో ముందున్న పదార్థం మరోదానిలో అట్టడుగున ఉండవచ్చు. అడిగినవారి మనసులో ఉన్నది ఏ గుణమో తేల్చుకోకుండా చేసిన వస్తువు, ఎంత ఖరీదైన లోహంతో చేసినా, ఒకటి రెండు పంటల్లోనే మళ్లీ షాపుకు వస్తుంది.

ఇంజనీరింగ్ విద్యార్థులకు, సొంతంగా పరికరాలు చేయించుకునే రైతులకు, షాపు నడిపేవారికి పనికొచ్చేలా ఈ పద్ధతి రాస్తున్నాను. మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణ తీసుకుందాం: రొయ్యల చెరువులో చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి నీటిలో దించే పళ్లెం) చూడటానికి వేసే నడక బల్ల.

అడుగు 1: పదార్థం పేరు కాదు, పని రాయండి

తెల్లకాగితం మీద "స్టీలు బల్ల" అని రాస్తే అప్పుడే ఎంపిక అయిపోయింది, ఆలోచన ఆగిపోయింది. దానికి బదులు ఇలా రాయండి: అంతర్వేది వైపు ఉప్పునీటి చెరువులో, గట్టు నుంచి నీటి మీదకు 3 మీటర్లు చాచి ఉండే దారి. ఒక చివర గట్టు మీద, రెండో చివర నీటిలో పాతిన గుంజల మీద ఆనుతుంది. చేతిలో మేత బకెట్టుతో ఉన్న మనిషి, అంటే దాదాపు 100 కిలోల బరువు, నడుమ నిలబడినా 15 మిల్లీమీటర్లకు మించి కుంగకూడదు. నడక నిడివిలో ఇది 200వ వంతు. అంతకంటే కుంగితే విరగదు గానీ, తెల్లవారుజామున తడి బల్ల మీద ట్రే పైకి లాగే మనిషికి కాలు నిలవదు. పదేళ్లు ఉండాలి. చెరువు ఎండగట్టినప్పుడు ఒక్కో దూలాన్ని ఒక్క మనిషే ఎత్తి పక్కన పెట్టగలగాలి.

ఇందులో కొన్ని తప్పనిసరి షరతులు, కొన్ని కోరికలు. కుంగుదల హద్దు, ఉప్పునీటిని తట్టుకోవడం తప్పనిసరి. వాటిలో తప్పిన పదార్థాన్ని ఎంత చవకైనా పక్కన పెట్టాల్సిందే. బరువు తక్కువగా ఉండటం, ఖర్చు తగ్గడం కోరికలు. మిగిలినవాటిలో ఏది మేలో తేల్చడానికి అవి పనికొస్తాయి. ఈ రెంటినీ కలిపేస్తే చివరికి ధర ఒక్కటే నిర్ణయం చేస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా ఇక్కడే వేసుకోవాలి. మార్చడానికి మీ చేతిలో ఏముంది? మన బల్లకు నిడివి మారదు, బరువు మారదు. దూలం అడ్డుకోత (అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, కొలతలు) మాత్రం ఎంతైనా పెంచుకోవచ్చు. పాత యంత్రంలో విరిగిన షాఫ్టు మార్చేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. పాత బేరింగులోనే పట్టాలి కాబట్టి వ్యాసం ముందే తేలిపోయింది. అందుకే పని ఒకలా కనిపించినా జవాబు వేరుగా వస్తుంది.

అడుగు 2: "గట్టి" అనే మాటను విడదీయండి

దృఢత్వం అంటే వంగడానికి ఒప్పుకోకపోవడం. దీన్ని యంగ్ గుణకంతో కొలుస్తారు. ఉక్కుకు దాదాపు 200 గిగా పాస్కల్ (ఒత్తిడి కొలమానం, ఒక గిగా పాస్కల్ వెయ్యి మెగా పాస్కల్), అల్యూమినియానికి 70, ఎం25 గ్రేడు కాంక్రీటుకు 25, టేకు లాంటి చెక్కకు నార వెంబడి 10 చుట్టుపక్కల. నీటి పైపులు చేసే ప్లాస్టిక్కు హెచ్‌డీపీఈకి ఒక్కటి కూడా ఉండదు.

బలం అంటే శాశ్వతంగా వంకర పోవడానికి, లేదా తెగిపోవడానికి ముందు ఎంత ఒత్తిడి భరిస్తుందన్నది. మామూలు మైల్డ్ స్టీలు 250 మెగా పాస్కల్ దగ్గర లొంగిపోతుంది. అధిక బలపు ఉక్కు అంతకు రెండు మూడు రెట్లు భరిస్తుంది.

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. అధిక బలపు ఉక్కుకు కూడా యంగ్ గుణకం అదే 200. బలం మూడు రెట్లయినా దృఢత్వం పిసరంత కూడా పెరగదు. "బల్ల ఊగుతోంది, ఇంకా మంచి ఉక్కు వేయండి" అని అడిగి ఎక్కువ ధర పెట్టినా ఊగుడు ఊగుడుగానే ఉంటుంది. ఊగకుండా ఉండాలంటే మార్చాల్సింది ఉక్కును కాదు, దూలం ఎత్తును.

కాఠిన్యం గీతలను, అరుగుదలను ఆపుతుంది. మొండితనం దెబ్బను తట్టుకుంటుంది. ఇవి రెండూ తరచు ఎదురెదురుగా ఉంటాయి. గాజు మీద గీత పడటం కష్టం, పగలడం తేలిక. ఆకురాయి కూడా అంతే, ఇనుమును అరగదీస్తుంది గానీ నేల మీద పడితే ముక్కలవుతుంది. పడవ అంచుకు, రేవులో పంటు ఆనే చోటుకు కావలసింది మొండితనం. నాగలి కర్రుకు, పంపులో నీటిని తోసే చక్రం ఇంపెల్లరుకు అరుగుదలను ఆపే గుణం కావాలి, ఎందుకంటే కాలువ నీటిలో ఇసుక ఉంటుంది.

సంపీడనం (నొక్కుడు), తన్యత (లాగుడు) అనే తేడాను కూడా మరవకండి. ఇటుక, రాయి, కాంక్రీటు నొక్కితే భరిస్తాయి, లాగితే విడిపోతాయి. పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించడానికి 1850లలో పాత అక్విడక్టును కమానులతో కట్టింది ఇందుకే. కమాను ఆకారంలో బరువంతా నొక్కుడుగా మారి గుంజలకు దిగుతుంది. రాజమహేంద్రవరం దగ్గర 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెనకు నీటిలో రాతి స్తంభాలు, పైన ఉక్కు గర్డర్లు. ఆ పక్కనే 1990లలో వచ్చిన మూడో రైలు వంతెనలో విల్లులా వంగిన కాంక్రీటు కమానులు నొక్కుడును మోస్తాయి. విల్లుకు తాడులా కింద ఉన్న గర్డరును ఉక్కు తీగలతో ముందే బిగించి ఉంచారు కాబట్టి లాగుడును అది మోస్తుంది. విద్యార్థులను పాఠ్యపుస్తకంతో పాటు ఆ గట్టు మీదకు కూడా తీసుకెళ్లాలని నా కోరిక. పదార్థం, ఆకారం ఒకదానికొకటి ఎలా అమరుతాయో అక్కడ కళ్లముందే కనిపిస్తుంది.

మన తాటి దూలం కూడా ఇదే పాఠం చెబుతుంది. తాటిమాను అడ్డుకోతలో చేవ అంతా అంచున ఉంటుంది, నడిమి భాగం మెత్తన. వంగే దూలంలో ఒత్తిడి ఎక్కువగా పడేది అంచుల్లోనే, నడుమ దాదాపు ఏమీ ఉండదు. మనం స్టీలు గొట్టాన్ని బోలుగా ఎందుకు చేస్తామో ఆ చెట్టు ముందే చేసి చూపింది.

అడుగు 3: వాతావరణంతో వడపోయండి

డెల్టాలో అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన అడుగు ఇది. రావులపాలెంలో తీపినీటి కాలువ పక్కన ఏళ్ల తరబడి నిలిచిన గేటు డిజైన్, సముద్రం పక్కన అదే కొలతలతో పెడితే అంతకాలం నిలవదు. మధ్య దూరం కొన్ని పదుల కిలోమీటర్లే. నీటిలో, గాలిలో ఉప్పు మారిపోతుంది.

ముందుగా మీ వస్తువులో ఏ భాగం ఎక్కడ ఉంటుందో గీయండి. నీటిపైన గాలిలో ఉన్న భాగం, నీరు తాకుతూ వదులుతూ ఉండే భాగం, ఎప్పుడూ మునిగి ఉండే భాగం, బురదలో దిగిన భాగం. ఉక్కుకు అతి చెడ్డది రెండోది. తడి, ఉప్పు, గాలిలోని ఆక్సిజన్ మూడూ అక్కడ పుష్కలంగా దొరుకుతాయి. లోతుగా మునిగిన చోట ఆక్సిజన్ తక్కువ కాబట్టి తుప్పు నెమ్మదిస్తుంది. చెరువులో పాతిన ఇనుప గుంజను పీకి చూడండి, నీటిమట్టం దగ్గరే అది సన్నబడి ఉంటుంది.

మైల్డ్ స్టీలు: సముద్రపు గాలి నేరుగా తగిలే చోట పూత లేని ఉక్కు మొదటి ఏడాదిలో ఒక్కో ముఖం నుంచి 80 నుంచి 200 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా పోగొట్టుకోవచ్చు. 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న గొట్టానికి ఇది చిన్న నష్టం కాదు.

జింకు పూత: పూత ఎన్నాళ్లుంటుందన్నది దాదాపు పూర్తిగా దాని మందం మీద ఆధారపడుతుంది. కరిగిన జింకులో ముంచి తీసిన పూత 3 నుంచి 6 మిల్లీమీటర్ల ఉక్కు మీద సగటున 70 మైక్రాన్లు ఉంటుంది. పైన చెప్పిన గాలిలో జింకు ఏడాదికి 4 నుంచి 8 మైక్రాన్లు తరుగుతుంది. అంటే సుమారు తొమ్మిది నుంచి పదిహేడేళ్లు. దుకాణంలో మెరిసిపోతూ కనిపించే విద్యుత్ పూత బోల్టు మీద జింకు చాలాసార్లు 5 నుంచి 12 మైక్రాన్లే. అది అదే గాలిలో మహా అయితే మూడేళ్లు. రెండింటినీ "జీఐ" (జింకు పూత ఇనుము) అనే అమ్ముతారు, కాబట్టి ముంచిన పూతా, విద్యుత్ పూతా అని అడిగి తీసుకోండి. ఇంకొక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. రెండు చివరలూ మూసేసిన గొట్టాన్ని ముంచడానికి పంపకండి. లోపల చిక్కిన తడి ఆవిరై గొట్టం పేలుతుంది. ముందుగా గాలి రంధ్రాలు పెట్టాలి. వాటి వల్ల లోపలి గోడకు కూడా పూత అందుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు: ఇది ఒకే పదార్థం కాదు. 304 గ్రేడు తీపినీటికి, వంటగదికి చక్కగా సరిపోతుంది. ఉప్పునీటిలో దానికి సూది గుచ్చినట్టు గుంటలు పడతాయి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది కాబట్టి అది ఎక్కువ తట్టుకుంటుంది. అయినా కదలని ఉప్పునీటిలో, వాషరు కింద, నాచు కింద, ఆల్చిప్పలు అతుక్కున్న చోట 316కి కూడా ముప్పు ఉంటుంది. స్టెయిన్‌లెస్‌ను కాపాడే పలుచని పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి, ఇరుకు సందుల్లో అది అందదు. అయస్కాంతం పెట్టి చూసి "అంటుకోలేదు, అసలైనదే" అని నమ్మవద్దు. నికెల్ తక్కువగా ఉండే 202 రకం కూడా అయస్కాంతానికి సాధారణంగా అంటుకోదు. పెద్ద పని అయితే, లోహంలో ఏమేమి ఉన్నాయో తయారీ మిల్లు రాసిచ్చే మిల్ టెస్ట్ సర్టిఫికెట్ అడగండి.

చెక్క: నీటిలో పూర్తిగా మునిగిన చెక్క, పూర్తిగా పొడిగా ఉన్న చెక్క చాలాకాలం ఉంటాయి. తడుస్తూ ఆరుతూ ఉండే చోట పుచ్చుతుంది. ఉప్పునీటిలో మరో ప్రమాదం ఉంది. చెక్కను లోపలి నుంచి తొలిచే సముద్రపు పురుగు పైకి చిన్న చిల్లు మాత్రమే కనిపించేలా చేసి లోపలంతా గుల్ల చేస్తుంది. అందుకని నీటిలో దిగే గుంజకు చెక్క వద్దు, పైన పరిచే పలకకు పరవాలేదు.

కాంక్రీటు: లోపలి ఇనుప ఊచకు ఉప్పు చేరడానికి ఎంత కాలం పడుతుందన్నదే దాని ఆయుష్షు. ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సాధారణ పరిస్థితిలో ఊచ మీద 20 మిల్లీమీటర్ల కవర్ (ఊచను కప్పే కాంక్రీటు మందం) చాలు. తీర వాతావరణంలో కనీసం ఎం30 కాంక్రీటు, 45 మిల్లీమీటర్లు. సముద్రపు తుంపర పడే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్లు తాకే చోట ఎం40, 75 మిల్లీమీటర్లు. ఊళ్లో ఇంటికి వేసే కొలతతోనే చెరువు గుంజలు పోయడం డెల్టాలో పెద్ద పొరపాటు. ఉప్పుబోరు నీటితో కాంక్రీటు కలపడం అంతకంటే పెద్ద పొరపాటు. ఊచ ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు.

ప్లాస్టిక్కుకు తుప్పు లేదు, కానీ ఎండ ఉంది. నల్లని హెచ్‌డీపీఈలో 2 శాతానికి పైగా కలిపే కార్బన్ నలుపు రంగు కోసం కాదు, అతినీలలోహిత కిరణాలను ఆపడానికి.

అడుగు 4: మిగిలినవాటిని అంకెలతో తూచండి

బల్లకు రెండు దూలాలు. 100 కిలోల బరువు దాదాపు 1,000 న్యూటన్లు కాబట్టి ఒక్కొక్కదాని నడుమ 500 న్యూటన్లు. నడుమ బరువు పడిన దూలం కుంగుదల సూత్రం విద్యార్థులకు తెలిసిందే: బరువును నిడివి ఘనంతో గుణించి, 48 రెట్ల యంగ్ గుణకం, జడత్వ భ్రామకాల లబ్ధంతో భాగించాలి. జడత్వ భ్రామకం అంటే అడ్డుకోత ఆకారం వల్ల దూలం వంగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే అంకె. 15 మిల్లీమీటర్ల హద్దు పెడితే కావలసిన జడత్వ భ్రామకం ఉక్కుకు 9.4, అల్యూమినియానికి 27, చెక్కకు 188 సెంటీమీటర్ల నాలుగో ఘాతం.

ఉక్కులో 40×40×3 మిల్లీమీటర్ల చదరపు గొట్టానికి 10.2 వస్తుంది. సరిపోయింది. 3 మీటర్లకు బరువు పదిన్నర కిలోలు. అల్యూమినియంలో 60×60×3 గొట్టానికి 37 వస్తుంది, బరువు ఐదున్నర కిలోలే. చెక్కలో 50 వెడల్పు, 80 ఎత్తు ఉన్న దూలానికి 213. పొడిగా ఉంటే దాదాపు 8 కిలోలు. హెచ్‌డీపీఈకి రెండు వేలు దాటిన విలువ కావాలి, 160 మిల్లీమీటర్ల మందపాటి గొట్టం కూడా చాలదు. ఆ పదార్థాన్ని ఇక్కడే వదిలేద్దాం.

ఇప్పుడు బలం చూడండి. ఉక్కు గొట్టంలో గరిష్ఠ ప్రతిబలం (లోహం లోపల పుట్టే ఒత్తిడి) దాదాపు 74 మెగా పాస్కల్, లొంగే హద్దు 250. మూడు రెట్లకు పైగా భద్రత మిగిలి ఉంది. అంటే ఈ బల్లను నడిపించేది దృఢత్వం, బలం కాదు. మనిషి నడక అదురు, దూలం సొంత బరువు, ఏళ్ల తరబడి తరిగే మందం కలిపినా ఆ మిగులు పనికొస్తుంది.

అన్ని పదార్థాలకూ ఒక్కో గొట్టం లెక్క వేయడం విసుగనిపిస్తే దగ్గరి దారి ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మైకేల్ ఆష్బీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. తేలికగా ఉంటూ వంగకుండా ఉండాల్సిన దూలానికి, యంగ్ గుణకం వర్గమూలాన్ని సాంద్రతతో భాగించిన విలువ ఎక్కువగా ఉన్న పదార్థం మేలు. గిగా పాస్కల్‌లో, ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో తీసుకుంటే ఉక్కుకు 1.8, పొడవాటి గాజునార ఉన్న ఫైబరు కడ్డీకి 2.5, అల్యూమినియానికి 3.1, చెక్కకు 4.9, వెదురుకు 5 పైన. ఉక్కు అడుగున ఉంది! వెదురు, చెక్క ఎంత మంచి ఇంజనీరింగ్ పదార్థాలో చెప్పే అంకె ఇది. "పేదవాడి సామాను" అని వాటిని తోసిపుచ్చే అలవాటు మనకు పోవాలి.

అయితే ఈ సూచిక ఒకే ఆకారం ఉన్న దూలాలను పోలుస్తుంది. ఉక్కును పలుచని గొట్టంగా చేయగలం, చెక్కను అలా చేయలేం. అందుకే పై లెక్కలో ఉక్కుకూ చెక్కకూ బరువులో తేడా సూచిక చెప్పినంత లేదు. సూచికతో జాబితా కుదించండి, తుది మాట అసలు కొలతల లెక్కతో తేల్చండి.

మన బల్లకు నా ఎంపిక: జింకులో ముంచిన ఉక్కు గొట్టాల దూలాలు, పైన విడివిడిగా మార్చుకోగల చెక్క పలకలు, నీటిలో 75 మిల్లీమీటర్ల కవర్‌తో కాంక్రీటు గుంజలు. అల్యూమినియం తేలికే, కానీ దాన్ని సరిగా వెల్డ్ చేసేవారు ప్రతి ఊళ్లో దొరకరు.

అడుగు 5: కాలాన్ని లెక్కలోకి తీసుకోండి

బల్ల నిలబడి ఉండే వస్తువు. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ తిరిగే వస్తువు, దాని కథ వేరు. నిమిషానికి 100 చుట్లు, రోజుకు 10 గంటలు తిరిగితే రోజుకు 60 వేల చుట్లు. 120 రోజుల పంటకు 72 లక్షలు. ప్రతి చుట్టులో షాఫ్టు అంచు ఒకసారి లాగుడుకు, ఒకసారి నొక్కుడుకు గురవుతుంది. ఇలా పదేపదే మారే ఒత్తిడికి లోహం పగలడాన్నే అలసట అంటారు. పొడిగాలిలో ఉక్కుకు అలసట హద్దు ఒకటి ఉంటుంది, అది తన తన్యత బలంలో దాదాపు సగం. ప్రతిబలం అంతకంటే తక్కువగా ఉంటే ఎన్ని చుట్లయినా విరగదు. ఉప్పునీరు తగిలితే ఆ హద్దు మాయమవుతుంది, ప్రతి గుంటా ఒక పగులుకు మొదలవుతుంది. అల్యూమినియానికి గాలిలో కూడా అలాంటి హద్దు లేదు. కాబట్టి షాఫ్టు మీద మెట్టు ఉన్న చోట మూలను గుండ్రంగా తీయించండి, చక్రాన్ని బిగించే కీ కోసం షాఫ్టులో తీసే గాడిలో పదునైన మూల మిగలనివ్వకండి. ఈ రెండు పనులకూ పైసా ఎక్కువ ఖర్చు కాదు.

షాఫ్టు చుట్టూ ఉండే నైలాన్ తొడుగు, అంటే బుష్, నీటిని పీల్చి ఉబ్బుతుంది. పూర్తిగా తడిస్తే నైలాన్-6 తన బరువులో 9 శాతం దాకా నీరు తీసుకోగలదు. పొడిగా ఉన్నప్పుడు బిగువుగా కూర్చిన బుష్ చెరువులో షాఫ్టును పట్టేస్తుంది. సందు వదలండి, లేదా నీటిని దాదాపు పీల్చని పాలీప్రొపిలీన్ వాడండి.

గట్టు మీద పరిచిన 30 మీటర్ల హెచ్‌డీపీఈ పైపు, రాత్రికీ మధ్యాహ్నానికీ 25 డిగ్రీల తేడా వస్తే, 11 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అదే ఉక్కు పైపు 9 మిల్లీమీటర్లు. పైపును వంపులతో వదులుగా పరవండి.

అడుగు 6: అతుకులే ముందు పోతాయి

మొదటిసారి ఇలాంటి బల్ల చేయించినప్పుడు నేను స్టెయిన్‌లెస్ పట్టీలు తీసుకుని, దొరకక మామూలు ఉక్కు బోల్టులు బిగించాను. పట్టీలు కొత్తవిగానే ఉన్నాయి, బోల్టుల తలలు రెండో పంట నాటికి తినేసి ఉన్నాయి. కారణం విస్తీర్ణాల నిష్పత్తి. ఉప్పునీటిలో రెండు లోహాలు తాకినప్పుడు అవి బ్యాటరీలా పనిచేస్తాయి, చురుకైన లోహం కరుగుతుంది. కరిగేది చిన్నదిగా, పక్కది పెద్దదిగా ఉంటే దాడి అంతా ఆ చిన్నదాని మీదే పడుతుంది. చురుకుదనంలో వరస, ఎక్కువ చురుకైనది ముందుగా, ఇది: జింకు, అల్యూమినియం, ఉక్కు, రాగి, స్టెయిన్‌లెస్. బోల్టు ఎప్పుడూ పలకకంటే వరసలో వెనకగా, లేదా దానితో సమానంగా ఉండాలి. వేర్వేరు లోహాలు తప్పకపోతే మధ్య ప్లాస్టిక్ వాషరు, తొడుగు వేయండి. వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది కాబట్టి ముందు వెల్డ్ చేసి, తర్వాత ముంచండి.

అడుగు 7: దొరకడం, చేయడం, బాగుచేయడం

ఈ ప్రశ్నలు మూడే. ఆ కొలత దగ్గర్లో దొరుకుతుందా? మీ షాపులో దాన్ని కోసి అతికే పనిముట్లు ఉన్నాయా? పంట మధ్యలో విరిగితే ఒక్కరోజులో బాగవుతుందా? ధరను ఏళ్లతో భాగించి చూడండి, మార్చే కూలీని, ఆగిన పనిని కలపండి.

అడుగు 8: మీ నీటిలోనే పరీక్షించండి

పట్టికల్లోని అంకెలు మీ చెరువువి కావు. మీరు వాడదలచిన ప్రతి లోహం నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు మూడేసి కోయించండి. నూనె తుడిచి, ఆరబెట్టి, బంగారం తూచే త్రాసు మీద తూచి రాసుకోండి. ఒకటి నీటిపైన, ఒకటి నీటిమట్టం దగ్గర, ఒకటి లోతులో నైలాన్ తాడుతో వేలాడదీయండి. ముక్కలు ఒకదానికొకటి తగలకూడదు. పంట పట్టాక తీసి, తుప్పును మెత్తని బ్రష్షుతో పూర్తిగా వదిలించి మళ్లీ తూచండి.

ఉక్కు ముక్క 120 రోజుల్లో 3 గ్రాములు తగ్గిందనుకుందాం. రెండు ముఖాలు కలిపి 100 చదరపు సెంటీమీటర్లు, సాంద్రత 7.85. భాగిస్తే దాదాపు 38 మైక్రాన్లు, ఏడాదికి 116. మూడు ఎత్తుల ముక్కల అంకెలు పక్కపక్కన రాయండి. గుంటలు పడిన ముక్కను బరువుతో మాత్రమే అంచనా వేయకుండా, గుంట లోతును సన్నని సూదితో కొలిచి దాన్ని విడిగా రాసుకోండి, ఎందుకంటే స్టెయిన్‌లెస్ బరువు తగ్గకుండానే చిల్లు పడగలదు. చెరువు పేరు, తేదీ, ఉప్పు శాతం పక్కనే రాసి, తర్వాతి పంటకు కొత్త ముక్కలు వేలాడదీయండి.